ఏ బండికి పోతావబ్బా

ధర్మవరంలో ఆదినారాయణ శెట్టి కొట్టు మెట్లెక్కిన ప్రతిసారీ ఈశ్వరప్పకు మొదట వినిపించే మాట ఒకటే.

"రాప్పా, కూర్చో. ఏ బండికి పోతావబ్బా?"

ఆ సోమవారం కూడా శెట్టి అదే అడిగాడు. ఈశ్వరప్ప చంకలోని చీరల మూటను చాప మీద పెట్టి, తలగుడ్డతో మొహం తుడుచుకుని, ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు.

"నాలుగింటి ప్యాసింజరుకు సావుకారూ. అది తప్పితే పెనుకొండకు ఇంగ రేపే."

"అయితే శానా టైముండాది. మజ్జిగ తాగు."

ఎంత మంచి మనిషి అనుకున్నాడు ఈశ్వరప్ప. ఎక్కడో పెనుకొండ నుంచి వచ్చే నేతగాడు ఏ బండికి తిరిగి పోతాడో, బండి తప్పితే ఎక్కడ పడుకుంటాడో అని ముందే కనుక్కునే వ్యాపారి ఈ రోజుల్లో దొరకడం మాటలు కాదు. ఈ సంగతి ఇంట్లో భార్య బాలమ్మకు ఎన్నోసార్లు చెప్పాడు కూడా. బాలమ్మ నేతకు పోగు కండెలు చుడుతూ "ఊఁ" అనేది. ఆమె ఊఁ అన్నదంటే ఒప్పుకున్నట్టు కాదని ఇరవై ఏళ్ళ కాపురంలోనూ అతనికి తెలిసిరాలేదు.

మజ్జిగ వచ్చింది. అల్లం, కరివేపాకు దంచి వేసిన చల్లటి మజ్జిగ. శెట్టి వానల గురించి మాట్లాడాడు. పెనుకొండ కొండ మీద ఈసారి సీతాఫలాలు ఎలా కాశాయని అడిగాడు. గోడ గడియారం రెండు కొట్టింది, మూడు కొట్టింది. చాప మీద మూట అలాగే ఉంది. మూడుంపావుకు శెట్టి తీరిగ్గా మూట విప్పి, ఒక చీరను వెలుతురుకు పట్టి, అంచు మీద బొటనవేలు ఆనించి జరిపాడు.

"నేత బాగుండాదప్పా. నీ చేతికి వంక పెట్టేదానికి లేదు" అన్నాడు. అని, ఒక నిట్టూర్పు విడిచాడు. "బెంగళూరులో అడిగేవాళ్ళే లేరబ్బా. ఏం చేద్దాం?"

ఆ నిట్టూర్పుకు తొంభై అనుకున్న చీర ఎనభై అయింది. స్టేషను వైపు నుంచి ఇంజను కూత వినిపించేసరికి రెండో చీర అసలు బేరంలోకే రాకుండా, రంగు నప్పలేదంటూ మూటలోకి తిరిగి వెళ్ళింది. ఈశ్వరప్ప లేచి నిలబడి దుడ్లు నడుముకు దోపుకుంటూ ఉంటే శెట్టి ఇంకో మాట అన్నాడు. చాలా మెత్తగా, ఇంట్లోవాడికి చెప్పినట్టు అన్నాడు.

"ఈ తిప్పలన్నీ నీకెందుకు ఈశ్వరప్పా? పట్టు నేనిస్తా, జరీ నేనిస్తా. గమ్మున కూలికి నెయ్యి. వచ్చే తూరికి మాట చెప్పు."

ప్యాసింజరు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఆ మాట ఈశ్వరప్పకు పూర్తిగా దిగలేదు. కూలి మగ్గం. సొంత పట్టు కొని, సొంతంగా రంగు ఎంచుకుని, తన చీర తాను అమ్ముకునే మనిషి రేపటి నుంచి శెట్టి ఇచ్చిన పోగుతో, శెట్టి చెప్పిన అంచు నేసి, వారం కూలి కోసం చేయి చాచాలి. వీధిలో అలా మారిన ఇళ్ళు నాలుగున్నాయి. ఆ నాలుగిళ్ళలో మగవాళ్ళు ఇప్పుడు గట్టిగా మాట్లాడరు. పెనుకొండ వచ్చిందని పక్కవాడు భుజం తట్టేదాకా అతను అలాగే కూర్చుని ఉన్నాడు.

ఈశ్వరప్పకు చదువు నాలుగో తరగతి. కానీ గ్రంథాలయానికి పోయే అలవాటు ఈ మధ్యనే పట్టుబడింది. అక్కడి లైబ్రరీ సారు వెంకటేశ్వర్లు ఎవరినీ చిన్నచూపు చూసే మనిషి కాదు. మర్నాడు పొద్దున ఈశ్వరప్ప తన గోడు వెళ్ళబోసుకుంటే, సారు అలమర కింది అర వెతికి ఒక పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. అట్ట లేదు. మొదటి ఎనిమిది ఆకులూ లేవు. పేరేమిటో, రాసిందెవరో తెలిసే దారి లేదు.

"బేరాల గురించి ఎవరో రాసినాడప్పా. ఎవరూ తీసుకుపోరు. నీకు పనికొస్తాదేమో చూడు."

ఈశ్వరప్పకు మనసులో చదువుకోవడం రాదు. అక్షరం కింద వేలు పెట్టి పైకి చదివితేనే తలకెక్కుతుంది. ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక మగ్గాల గదిలో గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టాడు. గదిలో యల్లక్క ఉంది. ఆమె ఉన్నా లేనట్టే అతనికి.

యల్లక్క వీధిలో అతుకుల పని చేసే మనిషి. మగ్గం మీద చీరలు అయిపోయాక పాత పోగుల కొసలు దువ్వెన లాంటి అచ్చులోనే వదిలిపెడతారు. కొత్త వార్పు, అంటే నిలువు పోగుల చుట్ట, తెచ్చి ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త పోగును మెలిపెట్టి అతకాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు, రెండు రోజుల పని. పక్కన మూకుట్లో మెత్తటి బూడిద పెట్టుకుని, పోగు జారకుండా వేళ్ళు అందులో అద్దుకుంటూ, తల వంచి ఆమె అలా మెలిపెడుతూనే ఉంటుంది. ఒకరు చేయి పెట్టిన వార్పును ఇంకొకరు ముట్టుకోరు. ఒక్కొక్కరి మెలిక ఒక్కో తీరని, రెండు చేతులు పడితే పోగులు తెగుతాయని అందరికీ నమ్మకం. పెనుకొండలోనే కాదు, ధర్మవరంలోనూ అంతే.

పొద్దున ఆమె పనిలోకి వచ్చినప్పుడు ఈశ్వరప్ప ఎప్పటిలాగే పలకరించాడు.

"ఎనుము పాలు పిండేదానికి ఎన్నింటికి పోవల్ల యల్లక్కా?"

"పొద్దు గూకకముందే పోవల్లప్పా. నేను పోకుంటే అది ఎవురికీ చేపదు."

"సరే సరే, నిదానంగా చేసుకో" అన్నాడు. తన ఇంటికి వచ్చిన పనిమనిషి గేదెను కూడా గుర్తుపెట్టుకున్నందుకు అతనికి తన మీద తనకే కొంచెం మంచి అభిప్రాయం కలిగింది.

పుస్తకంలో భాష పాతది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. "బేరమున మొదట తెలిసికొనవలసినది ధర కాదు, ఎదుటివాని గడువు. అతడెప్పుడు లేచి పోవలయునో ముందే అడిగి తెలిసికొనుము. ఆ గడియ సమీపించువరకు ధర మాట ఎత్తకుము."

ఈశ్వరప్ప వేలు అక్కడే ఆగిపోయింది. మళ్ళీ చదివాడు. ఏ బండికి పోతావబ్బా. గడియారం రెండు కొట్టడం, మూడు కొట్టడం. మూడుంపావు. ఇంజను కూత. ఎన్ని ఏళ్ళుగా? ఎన్ని చీరలు? తను మంచితనమనుకుని భార్య దగ్గర కూడా పొగిడిన మాట ఇక్కడ, అట్ట లేని ఈ పుస్తకంలో, పచ్చి ఉపాయంగా అచ్చయి ఉంది. దొంగను ఇంట్లో పెట్టుకుని వాడికి ఇన్నాళ్ళూ దండం పెట్టినట్టయింది అతని పని.

"ఏమే, ఇది ఇన్నావా?" అని కేకేశాడు. బాలమ్మ కండెల చక్రం ఆపి వచ్చి, రెండుసార్లు చదివించుకుని విని, ఈసారి ఊఁ అనలేదు.

"ఇది తెలిసేదానికి పుస్తకం కావల్సి వచ్చెనా నీకు?" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకా చదివాడు. పోవడానికి వేరే గుమ్మం లేనివాడు బేరానికి కూర్చోకముందే ఓడిపోయినవాడని ఒకచోట ఉంది. తన మాట చెప్పేశాక నోరు మూసుకోవాలని, ముందు నోరు తెరిచినవాడే తగ్గుతాడని ఇంకోచోట. ప్రతి దానికీ అతను తొడ చరుచుకున్నాడు. ఒక్క ఆకు మాత్రం తనకు సంబంధించింది కాదనిపించి గబగబా చదివి తిప్పబోయాడు.

"నువ్వట్లా బిరబిరా చదివితే నాకు నిద్దరొస్తాదప్పా" అంది యల్లక్క తల ఎత్తకుండానే. "రోంత నిదానంగా చదువు."

ఆమె నిద్రపోతే పోగులు తప్పుతాయి. ఈశ్వరప్ప నవ్వి, ఆ ఆకునే నింపాదిగా మళ్ళీ చదివాడు. "పని సగమున నున్నపుడు అడిగినది హక్కు. పని ముగిసిన పిదప అడిగినది భిక్ష."

"మన పనికిది పనికిరాదులే యల్లక్కా. మనం అమ్మేది అయిపోయిన చీర."

"అవునప్పా" అంది ఆమె, వేళ్ళు బూడిదలో అద్దుకుంటూ.

పొద్దు వాలేసరికి చివరి పోగు అతికింది. యల్లక్క లేచి నడుము పట్టుకుని నిలబడి, గుమ్మంలోంచి ఎండ ఎంత దూరం పోయిందో చూసింది. ఎనుము అరుపు ఆమెకు అప్పుడే వినిపిస్తున్నట్టుంది. ఈశ్వరప్ప వార్పు మీద అరచేయి పెట్టి నిమిరాడు.

"నీ చేతి అతుకు అతుకే యల్లక్కా. ఏమియ్యమంటావు?" అన్నాడు. అని నిట్టూర్చాడు. "శెట్టి ఈ తూరి ఎనభైకి దించినాడు. నీకు తెలియందేముండాది?"

"నీ ఇష్టమప్పా. నాకు పొద్దుపోతాంది" అంది ఆమె. అతను ఇచ్చిన రూపాయిన్నర కొంగున కట్టుకుని వడివడిగా వెళ్ళిపోయింది. ఈశ్వరప్ప పుస్తకం పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు, ధర్మవరం శెట్టిని తలుచుకుని పళ్ళు కొరుక్కుంటూ.

గురువారం అతను ధర్మవరం బండి ఎక్కలేదు. అటు కాకుండా ఇటు, హిందూపురం బండి ఎక్కాడు. ఇన్నేళ్ళలో చీర పట్టుకుని ఆ దిక్కుకు పోవడం అదే మొదలు. బజారులో ఓబుళప్ప అనే వ్యాపారి సగం కన్నడంలో, సగం తెలుగులో మాట్లాడుతూ, రంగు నప్పలేదని శెట్టి తిప్పి పంపిన చీరనే విప్పి చూశాడు.

"తొంభై నాలుగు ఇస్తానప్పా. దుడ్లు ఈడే, ఇప్పుడే. కానీ నెలకు ఒకటే తీసుకునేది."

ఈశ్వరప్ప దిమ్మెరపోయాడు. చీర అమ్మలేదు. మళ్ళీ వస్తానని మూట కట్టుకుని స్టేషనుకు నడుస్తూ దారి పొడుగునా తొంభై నాలుగు, తొంభై నాలుగు అనుకున్నాడు. నెలకు ఒక చీరతో ఇల్లు నడవదు, శెట్టిని వదులుకుని బతకలేడు. కానీ ఇప్పుడు అతనికి ఇంకో గుమ్మం ఉంది.

శనివారం ధర్మవరం కొట్టు మెట్లెక్కాడు. చంకలో మూటతో పాటు ఇంకో మూట కూడా ఉంది.

"రాప్పా, కూర్చో. ఏ బండికి పోతావబ్బా?"

"ఈ పొద్దు పోను సావుకారూ" అన్నాడు ఈశ్వరప్ప. "దుప్పటి తెచ్చుకున్నా. సత్రంలో పడుకుని నిదానంగా రేపో ఎల్లుండో పోతా."

శెట్టి చేయి గల్లాపెట్టె మీద ఉన్నది ఉన్నట్టే నిలిచింది. చూపు గడియారం మీదికి పోయింది, మళ్ళీ దుప్పటి మూట మీదికి వచ్చింది. మజ్జిగ తెమ్మని చెప్పడం మరిచిపోయాడు. ఆ మొహం చూశాకే ఈశ్వరప్పకు పుస్తకంలోది నిజమని రుజువైంది. అంతవరకూ లోపల ఎక్కడో, పాపం శెట్టి అటువంటివాడు కాదేమోనని చిన్న ఆశ ఉండేది. అది కాస్తా పోయింది.

పన్నెండు కొట్టకముందే చీర మూట విప్పుకుంది. ఎక్కువ చీరలు తీసుకునేవాడు కదా అని హిందూపురం ధరకు రెండు తగ్గించి ఈశ్వరప్ప తొంభై రెండన్నాడు. అని, పెదవులు బిగించి కూర్చున్నాడు. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని అతను ఎన్నడూ అనుకోలేదు. ఏదో ఒకటి అనేద్దామని నాలుక దురద పెట్టింది. శెట్టి నిట్టూర్చాడు. ఈశ్వరప్ప గడియారం లోలకం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"హిందూపురంలో ఎంత చెప్పినారు?" అన్నాడు శెట్టి చివరికి, ఈ ధైర్యం ఎక్కడిదో పసిగట్టినట్టు.

అంతటితో అయిపోయింది. తొంభై రెండు. కూలి మగ్గం మాట శెట్టి ఎత్తనే లేదు. పైగా పెళ్ళిళ్ళ రోజులు వస్తున్నాయి కాబట్టి ఆరు చీరలు కావాలన్నాడు. కార్తీకం దాటకుండా ఇస్తే ఇదే ధర, ఒక్క రోజు దాటినా పాత ధరే. ఈశ్వరప్ప ఒప్పుకున్నాడు.

"చదువుకున్నోని మాదిరి మాట్లాడతాండావే" అని నవ్వాడు శెట్టి. అప్పుడు మజ్జిగ వచ్చింది. రుచి ఎప్పటిలాగే చాలా బాగుంది. ఈశ్వరప్పను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆరు చీరలు అంత గడువులో రావాలంటే రెండో మగ్గం కూడా ఆడాలి. దాని మీద నేసేది బాలమ్మ తమ్ముడు మారెప్ప. వార్పు సిద్ధంగా ఉంది, అతుకులు పడాలి. సోమవారం పొద్దునే యల్లక్క బూడిద మూకుడు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఈశ్వరప్ప హుషారుగా ఉన్నాడు. ఎనుము మాట అడిగాడు. ఆమె ఎప్పటిలాగే పొద్దు గూకకముందే అంది. తరువాత ఆమే ఒక మాట అడిగింది.

"శెట్టికి ఎప్పటికియ్యల్లప్పా ఈ చీరలు?"

అడిగిందే చాలన్నట్టు ఈశ్వరప్ప ధర్మవరం కథంతా చెప్పాడు. దుప్పటి మూట, శెట్టి మొహం, తొంభై రెండు, కార్తీకం గడువు, ఒక్క రోజు దాటితే ఏమవుతుందో అన్నీ. యల్లక్క వింటూ పోగులు మెలిపెట్టింది. మధ్యమధ్యలో "అట్లనా అప్పా" అంది.

మంగళవారం మధ్యాహ్నం అతను పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. గదిలో ఏదో తేడా అనిపించి తల ఎత్తాడు. యల్లక్క చేతులు ఒడిలో ఉన్నాయి. వేళ్ళకు బూడిద లేదు, కొంగుతో శుభ్రంగా తుడుచుకుంది. వార్పు సగానికి పైగా అతికి ఉంది. తక్కిన పోగులు గుత్తిగా వేలాడుతున్నాయి.

"ఏమక్కా, చేతులు నొప్పిగా ఉండాయా?"

"లేదప్పా. రోంత మాట్లాడుకుందామని."

"పని కానీలే. అయినాక చూద్దాం."

"అయినాక అడిగితే అది భిక్షమంట కదప్పా" అంది యల్లక్క.

ఆమె గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఈశ్వరప్ప చేతిలో పుస్తకం ఒడిలోకి జారింది. ఆ ఆకు అతను గబగబా తిప్పబోయిన ఆకు. నిదానంగా చదవమన్నది ఆమె. నిద్దరొస్తుందని అన్నది ఆమె.

"వార్పుకు రెండున్నర" అంది యల్లక్క. "ఆ మాట పని మొదలు కాకముందే చెప్పుకోవల్ల. రెండు రోజులూ మధ్యాన్నం సంగటి పెట్టల్ల."

"ఎనుము..." అన్నాడు ఈశ్వరప్ప. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు.

"గౌరి పిండుతాదిలే. మూడు దినాల నుంచి ఎనుమును దాని చేతికి అలవాటు చేసినా. ఈ పొద్దు నాకు తొందర లేదు."

వీధి చివర ఉండే గౌరి కూడా అతుకుల పనిదే, సిద్దమ్మ కూడా. కానీ సగం అతికిన వార్పును ఎవరూ ముట్టుకోరు. ఆ ఆలోచన అతని మొహంలో కనిపించిందో ఏమో, యల్లక్క తనే చెప్పింది. "పిలవాలంటే పిలుచుకో. వాళ్ళూ ఇదే చెప్తారు. నువ్వు చదివిందంతా నేను వాళ్ళకు చెప్తాండాను."

అంతే. ఆమె నోరు మూసుకుంది. గోడ వైపు చూస్తూ, నాకు ఈ ఊళ్ళో ఇంకేం పని లేదన్నట్టు కూర్చుంది.

ఈశ్వరప్పకు తన మాటే తనకు గుర్తొచ్చింది. ఎనుము పాలు పిండేదానికి ఎన్నింటికి పోవల్ల యల్లక్కా. ఎన్ని ఏళ్ళుగా అడుగుతున్నాడు ఆ మాట? పొద్దు వాలి, ఆమె లేచి నిలబడి, గుమ్మంలోకి చూసేదాకా కూలి మాట ఎత్తకుండా ఎన్ని వార్పులు అతికించుకున్నాడు? నేత బాగుందని శెట్టి అన్నాడు, అతుకు బాగుందని తను అన్నాడు. శెట్టి నిట్టూర్చాడు, తనూ నిట్టూర్చాడు. అదీ ఆ పుస్తకం చదివిన రోజే నిట్టూర్చాడు. శెట్టిని దొంగ అనుకున్నాడే, మరి తనేమిటి? తను ఏనాడూ ఇది ఉపాయమనుకుని చేయలేదు, ఒట్టు. అయితే శెట్టి కూడా అలాగే, తెలియకుండానే అడిగేవాడా?

నడవాలో బాలమ్మ చక్రం తిప్పడం ఆపింది. వేలాడే పోగులు గాలికి కదిలాయి. ముందు నోరు తెరిచినవాడు తగ్గుతాడని ఈశ్వరప్పకు తెలుసు, యల్లక్కకూ తెలుసు.

"రెండుంపావు" అన్నాడు ఈశ్వరప్ప.

ఆమె గోడ వైపే చూస్తోంది.

"సరేలే. రెండున్నర. సంగటి బాలమ్మ పెడతాది."

"పోయిన వార్పుకు కూడా అదే" అంది నడవాలోంచి బాలమ్మ.

ఇద్దరూ అటు తిరిగి చూశారు. యల్లక్క కూడా ఆ మాట అనుకోలేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. ఈశ్వరప్ప తల ఊపాడు. బాలమ్మ చక్రం మళ్ళీ తిరగడం మొదలైంది.

యల్లక్క మూకుడు దగ్గరికి లాక్కుంది. వేళ్ళు బూడిదలో అద్ది, ఆగిపోయిన చోటు వెతికి పట్టుకుని, పాత కొసకు కొత్త పోగు మెలిపెట్టింది. ఆ చేతులను ఈశ్వరప్ప మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. చూపుడువేలి కొన మీద చర్మం అరిగి నున్నగా మెరుస్తోంది.

"నిన్న సగంలో ఆపితివి" అంది ఆమె. "చదువప్పా."

అతను పుస్తకం తీసుకుని ఆ ఆకు వెతికాడు. వేలు అక్షరం కింద పెట్టాడు. ఎప్పటిలా పైకి కాకుండా, తనలో తనే గొణుక్కుంటున్నట్టు చదవసాగాడు.

"రోంత గట్టిగా చదువు" అంది యల్లక్క, తల ఎత్తకుండానే. "సాయంత్రం గౌరికి చెప్పల్ల నేను."